రిఫరీ గడిలో లింబ్యన్న పేరు

కామారెడ్డిలో నేను చదివిన డిగ్రీ కాలేజీకి నోటీసు బోర్డు ఒకటే ఉండేది. ఆఫీసు ముందర, అద్దాల తలుపు వెనక, తాళం వేసి. ఫీజు గడువులకూ, హాజరు తక్కువైనవాళ్ల పేర్లకూ తప్ప ఇంకో కాగితానికి అందులో చోటు దొరికేది కాదు. అందుకని కెమిస్ట్రీ ల్యాబ్ అటెండర్ లింబ్యన్న తన నోటీసులను బ్యాలెన్స్ రూం తలుపుకు లోపలివైపు అతికించేవాడు. గాలికి తక్కెడ ఊగకుండా ఆ తలుపు ఎప్పుడూ మూసే ఉంచాలి. కాబట్టి తూకం వేసుకుంటున్నంతసేపూ అవి మా కళ్లెదుటే ఉండేవి.

అన్నీ పరిశోధన ఖాళీలే. వరి తెగుళ్ల మీద పనికి బోటనీ చదివిన మనిషి కావాలని ఒకటి. చేపల రోగాల మీద రెండేళ్ల ప్రాజెక్టుకు జువాలజీ వాళ్లు కావాలని ఒకటి. వాన మేఘాలను కొలిచే పనికి ఫిజిక్స్, మందుల తయారీకి కెమిస్ట్రీ, ఏవేవో యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ ప్రవేశాలు. పీహెచ్‌డీ పూర్తయినవాళ్లకు ఇచ్చే పోస్ట్ డాక్టరల్ ఫెలోషిప్పుల నోటీసులు కూడా వదిలేవాడు కాదు.

"మన కాలేజీల పీహెచ్‌డీ ఎవరికున్నదే అన్నా? ప్రిన్సిపాల్ సారుకే లేదు" అని మేం నవ్వితే, "ఇయ్యాల లేదు. తలుపు ఏడికి పోతది, ఈడనే ఉంటది కదా" అనేవాడు.

ఆ నోటీసులు కత్తిరించినవి కావు, చేత్తో రాసినవి. లింబ్యన్నది ఎల్లారెడ్డి అవతల ఒక తండా. ప్రతి ఆదివారం ఎల్లారెడ్డి బస్టాండు పక్కన లింగయ్య పేపర్ల కొట్టు ముందు కూర్చుని, ఉద్యోగాల వారపత్రిక తెరిచి, పాత రికార్డు షీట్ల వెనకవైపు ఎక్కించుకునేవాడు. ఆయన చదువు పదో తరగతి, తెలుగు మీడియం. ఇంగ్లిష్ అక్షరాలు వచ్చు, మాటలు రావు. ఏ వాక్యం ముఖ్యమో తెలియదు కాబట్టి ఏదీ వదిలేవాడు కాదు. పీహెచ్‌డీ ప్రకటన చదువుతూ పోతే కింద నాలుగు వందల ప్లాస్టిక్ కుర్చీలకు టెండర్లు పిలిచిన ముక్క సగం వరకూ ఉండేది, పేజీ నంబరుతో సహా.

ప్రతి కాగితం మూలకూ ఒక నీలం లిట్మస్ ముక్క అతికించి ఉండేది. గడువు దాటిన రోజు పొద్దున పలచని యాసిడ్‌లో ముంచిన గాజు కడ్డీని దానికి ముట్టించేవాడు. ముక్క ఎర్రబడేది. నీలం కనిపిస్తే టైం ఉన్నట్టు, ఎరుపు కనిపిస్తే వదులుకోమన్నట్టు. ఆ తలుపు చూసి దరఖాస్తు పెట్టి, నాకంటే ముందు బ్యాచీల్లో నలుగురైదుగురు ఎక్కడెక్కడో చేరారు. మేం ఊరు దాటి ఎంఎస్సీకి వెళ్లాక కూడా ఫోన్ చేసేవాడు. "బిడ్డా, నీళ్ల మీద పరిశోధన అట, నీదే సబ్జెక్టు, ఇరవై రోజులున్నది" అని చెప్పి, మనం బాగున్నావా అని అడిగేలోపు పెట్టేసేవాడు.

లింబ్యన్న తండ్రి దేవీసింగ్ ఏటా చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర పోయేవాడట. పదో తరగతి పరీక్షలయ్యాక లింబ్యన్న కూడా మూడు సీజన్లు పోయాడు. కాలేజీ పెట్టిన ఏడాది నీళ్లు మోసే పనికి చేరి, ల్యాబులోకి మారి, అక్కడే ఉండిపోయాడు. సీసా మీద లేబుల్ ఊడిపోతే దూరం నుంచి చేత్తో గాలి విసురుకుని వాసన చూసి చెప్పేవాడు. మా మూడేళ్లలో కెమిస్ట్రీకి నలుగురు సార్లు మారారు. ఎవరికి ఎక్కడ మంచి ఉద్యోగం దొరికితే వాళ్లు అటు వెళ్లిపోయారు. గీతలున్న గాజు గొట్టం, బ్యూరెట్, పట్టుకోవడం మాకు నేర్పింది లింబ్యన్నే.

"ఎడమ చెయ్యి నల్లా మీద, కుడి చెయ్యి ఫ్లాస్కు మీద. అగో, అన్నం కలుపుతున్నవా ఏంది? మెల్లగ తిప్పు. సుక్క సుక్క పడాలె."

ఆయన చేసే పని ఇంకొకటి ఉంది. అది అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. పరీక్షకు ఇచ్చే ద్రావణం ముందురోజు సాయంత్రం ఆయనే కలుపుతాడు. ఒకసారి తనే చేసి చూసుకుని రీడింగ్ ఎంత వస్తుందో తెలుసుకుంటాడు. పరీక్ష రోజు బెంచీల మధ్య గ్లాసులు సర్దుతూ ఆ అంకెను అందరి చెవుల్లో వేస్తాడు. చేతకానివాళ్లు అదే రాసేసి గట్టెక్కుతారు. కాలేజీకి మంచి పర్సంటేజీ వస్తుంది. వద్దని ఏ సారూ అనలేదు.

రెండు వేల పది మార్చిలో మా చివరి ప్రాక్టికల్ పరీక్ష. ఈడీటీఏ అనే ద్రావణాన్ని బ్యూరెట్ నుంచి చుక్కచుక్కగా వదిలి, మెగ్నీషియం ఎంతుందో లెక్క కట్టాలి. ఎరుపు రంగు తిరిగి నీలం కాగానే ఆపి రీడింగ్ చూడాలి. లింబ్యన్న నా బెంచీ దగ్గరకు వచ్చి, గుడ్డతో బల్ల తుడుస్తూ "పన్నెండు" అన్నాడు. నాకు పదిహేను పాయింట్ మూడు వచ్చింది. మళ్లీ చేశాను, అదే. మూడోసారీ అదే. ఇరుగు పొరుగు బెంచీల వాళ్లంతా పన్నెండు రాసి లేచిపోతున్నారు. కానీ కళ్లెదుట బ్యూరెట్ పదిహేను దాటి చూపిస్తుంటే పన్నెండు అని రాయడానికి చెయ్యి రాలేదు. చూసిందే రాశాను. యాభైకి ముప్పై ఒకటి వచ్చింది. మా క్లాసులో అంత తక్కువ ఇంకెవరికీ లేదు.

అప్పటి నుంచి నా చేతుల మీద నాకు నమ్మకం పోయింది. ఎంఎస్సీలో ఇద్దరిద్దరం కలిసి ప్రయోగాలు చేసేవాళ్లం. బ్యూరెట్ నా జంట అమ్మాయికి వదిలేసి నేను లెక్కలు కట్టేదాన్ని. పెళ్లయింది, రెండు వేల పదమూడు మార్చిలో భూమిక పుట్టింది. దానికి జ్వరం వస్తే సిరప్ మూతలో పోసి, దీపం ముందు పెట్టి, గీత చూసి, మళ్లీ సీసాలోకి వంచి, మళ్లీ పోసి, చివరికి మా ఆయన దేవరాజ్ చేతికి ఇచ్చి చూడమనేదాన్ని. ఆయన సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్. ముప్పై మూడు వేల వోల్టుల పక్కన నిలబడి టీ తాగే మనిషి.

"రెండున్నర ఎమ్మెల్‌కు ఇంత భయమైతే ఎట్లనే? నువ్వు ఎంఎస్సీ, నేను ఐటీఐ. చూసి చెప్పాల్సింది నువ్వు" అనేవాడు.

అయినా పరిశోధన మీద ఆశ చావలేదు. మా రాజంపేటలో బాపు వేయించిన బోరు నీళ్లకు పొయ్యి మీది గిన్నెకు తెల్లటి పెచ్చు కట్టేది. అవ్వ చింతపండు పెట్టి తోమినా పోయేది కాదు. ఆ పెచ్చులో ఏముందో చిన్నప్పుడు ఎవర్ని అడిగినా చెప్పలేదు. ఎంఎస్సీ అయ్యాక తొమ్మిది చోట్లకు దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూ దాకా పోయిన ప్రతిచోటా వేలు ఆ ముప్పై ఒకటి మీదే ఆగింది. "ప్రాక్టికల్‌లో ఇంత తక్కువా?"

రెండు వేల పద్నాలుగు ఫిబ్రవరిలో లింబ్యన్న ఫోన్ వచ్చింది. హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థ, భూగర్భ జలాల ప్రాజెక్టు, ప్రాజెక్టు ఫెలో ఒకరు కావాలి, పీహెచ్‌డీకి నమోదు చేసుకోవచ్చు. అదే సమయంలో కామారెడ్డిలో ఒక ప్రైవేటు స్కూలు నన్ను సైన్స్ టీచర్‌గా తీసుకుంటామంది. మూడేళ్లు కదలనని రాసివ్వాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో పెట్టాలి. ఏప్రిల్ ఆఖరుకల్లా చెప్పమన్నారు. ఒరిజినల్స్ ఒకసారి ఆ బీరువాలోకి వెళితే మూడేళ్లు ఏ ఇంటర్వ్యూకూ వెళ్లలేను. ఆ తర్వాత నన్ను ఎవరు పిలుస్తారు? దేవరాజ్, నేను మాట్లాడుకున్నాం. ఇది పదోది. ఇదీ కాకపోతే స్కూల్లో చేరడమే.

ఆ దరఖాస్తులో ఒక గడి దగ్గర ఆగిపోయాను. 'రిఫరీలు: అభ్యర్థి ప్రయోగశాల పనిని స్వయంగా, దగ్గరగా చూసిన ఇద్దరి పేర్లు, హోదా, ఫోన్ నంబరు.' మొదటిది ఎంఎస్సీలో మాకు పాఠం చెప్పిన నారాయణ సార్. రెండో పేరుకు ఎవరున్నారు? డిగ్రీ సార్ల ఫోన్లు మారిపోయాయి. దొరికిన ఒకాయన "ఏ బ్యాచ్ అమ్మా మీది?" అని అడిగాడు. నా పనిని స్వయంగా, దగ్గరగా, మూడేళ్లు చూసింది ఒక్కరే. ఫారం అడిగింది అడిగినట్టే అర్థం చేసుకుని రాశాను. పేరు: లింబ్యా. హోదా: ల్యాబ్ అటెండర్. ఆయనకు చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు. పోస్టు చేసి వచ్చాక దేవరాజ్ జిరాక్సు చూశాడు.

"రిఫరీ అంటే పెద్ద సార్లు ఉండాల్నేమోనే."

"దగ్గర నుంచి చూసినోళ్లు అని రాసి ఉంది కదా."

"రాసి ఉంటది. గట్ల రాసినోళ్లు గట్ల అనుకోరు."

జిరాక్సు ఆయన చేతిలోంచి తీసుకుని ఆ గడి మళ్లీ చదివాను.

ఏప్రిల్ రెండో వారంలో ఇంటర్వ్యూ. భూమికను మొదటిసారి పొద్దంతా మా అత్తమ్మ సాలవ్వ దగ్గర వదిలి, ఏ గంటకు ఏం తినిపించాలో కాగితం మీద గీతలు కొట్టి రాసి గోడకు అంటించాను.

"గిన్ని గంటలకు గింత అని రాసిపోతే బిడ్డ సదువుకొని తాగుతదా? నాకా సదువు రాదు, దానికా రాదు. పో, బండి పోతది" అంది అత్తమ్మ.

ముగ్గురు కూర్చున్నారు. ప్రాజెక్టు నడిపే సైంటిస్టు మధ్యలో ఉన్న మేడమ్. నీళ్ల గురించి అడిగినవాటికి బాగానే చెప్పాను. తర్వాత పక్కనున్న సార్ వేలు ముప్పై ఒకటి మీద ఆగింది.

"ఎంఎస్సీలో జంటగా చేస్తారు. ఒంటరిగా చేసిన పరీక్ష ఇది. రోజుకు అరవై నమూనాలు టైట్రేట్ చేయాలి మా దగ్గర. ఏమైంది ఆ రోజు?"

"తెలియదు సార్. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అదే వచ్చింది. అదే రాశాను."

మేడమ్ నా ఫారం తిప్పి చూస్తోంది. "ఈ లింబ్యా గారు... ల్యాబ్ అటెండరా?"

పక్కనున్న సార్ నవ్వాపుకోలేదు. "అవును మేడమ్. దగ్గరగా చూసినవాళ్లు అని అడిగారు. ఆయనే చూశారు."

మేడమ్ మాత్రం నవ్వలేదు. "రేపు పదకొండుకు ఫోన్ చేస్తాను. అందుబాటులో ఉండమనండి."

రైల్లో కామారెడ్డి వచ్చేదాకా ఒక్కటే తలపు. ఆయన పేరు రాసి ఆయన్నీ నవ్వులపాలు చేశాను, నేనూ పోయాను. ఫోన్లో చెప్పే ధైర్యం చాలక, మర్నాడు పొద్దున భూమికను ఎత్తుకుని ల్యాబుకు వెళ్లాను.

లింబ్యన్న బ్యూరెట్లు కడుగుతున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకుని, ముందు యాసిడ్ సీసాలన్నీ పై అరలోకి ఎక్కించాడు. భూమిక చేతికి పెద్ద రబ్బరు బిరడా ఇచ్చాడు.

"నోట్లో పెట్టుకుంటుందన్నా!"

"పెట్టుకోనీ. కడిగిందే. దాని నోరు పట్టదు, మింగలేదు. నువ్వు కూసో."

బ్యాలెన్స్ రూం తలుపు మీద కళ్లు పడ్డాయి. నా ప్రాజెక్టు కాగితం అక్కడే ఉంది. గడువు దాటి నెల పైనే అయింది, మూలన లిట్మస్ ఇంకా నీలంగానే ఉంది.

"దీన్ని ఎర్రగ చెయ్యలేదేం?"

"నీ సంగతి ఇంకా తేలలే కదా."

ఎలాగో చెప్పేశాను. రిఫరీగా ఆయన పేరు రాశానని, పదకొండుకు ఫోన్ వస్తుందని. గోడ గడియారం పదకొండుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

లింబ్యన్న గడియారం వైపు చూశాడు. "నా పేరా? పిస్స లేసిందా బిడ్డా? సీసలు కడిగెటోని పేరు రాస్తరా ఎవరన్న?"

"తప్పయిందన్నా. నీకు చెప్పకుండా రాసిన."

"నాకు చెప్పకపోతే ఏమాయె. నీకు పోతది కదా ఉద్యోగం!" అని స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఏం అడుగుతరు?"

"నా చేతి పని ఎట్లుంటదని. చివరి పరీక్షల ముప్పై ఒకటి ఎందుకొచ్చిందని నన్నడిగిన్రు. నాకు తెల్వదని చెప్పిన."

లింబ్యన్న మొహం మారింది. లేచి అల్మారా తెరిచి, కింది అరలోంచి ఒక పాత నోటుబుక్కు తీశాడు. అప్పుడే ఫోన్ మోగింది. ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే వినపడదు, స్పీకర్ వేస్తేనే వినపడుతుంది. బల్ల మీద పెట్టి దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ప్రిన్సిపాల్ ముందు నిలబడ్డట్టు.

"లింబ్యా గారేనా? వందన అనే అమ్మాయి మీ పేరు ఇచ్చింది. ఆమె ల్యాబులో ఎలా పని చేసేదో చెప్తారా?"

"మంచిగ చేసేది మేడమ్. గ్లాసులు పని కాంగనే కడిగిపెట్టేది. రెండు పిపెట్లు పలగ్గొట్టింది, రెండుసార్లు తనే వచ్చి చెప్పింది. మిగిలినోళ్లు సింకుల దాసిపెట్టి పోతరు."

అటువైపు చిన్న నవ్వు వినిపించింది. "చివరి పరీక్షలో మార్కులు ఎందుకు తగ్గాయో మీకు ఏమైనా తెలుసా?"

లింబ్యన్న నా వైపు చూడలేదు. నోటుబుక్కు తెరిచి ఒక పేజీ మీద వేలు పెట్టాడు.

"తెలుసు మేడమ్. తప్పు ఆమెది కాదు, నాది. ముందురోజు రాత్రంత కరెంటు లేకుండె. డిస్టిల్డ్ వాటర్ మిషన్ నడవలే. పొద్దున తొమ్మిదింటికి పరీక్ష, బయటినుంచి వచ్చిన సారు కూసున్నడు. క్యాను ఖాళీ. పిల్లలు ద్రావణంల కలుపుకునేటందుకు బోరు నీళ్లు పట్టి పెట్టిన."

"బోరు నీళ్లా! ఈడీటీఏకా?"

"అవు మేడమ్. బోరు నీళ్లల్ల సున్నం, మెగ్నీషియం ఉంటయి, ఎరుపు జల్ది నీలం కాదని, ఈడీటీఏ ఎక్కువ తాగుతదని నాకు ఎరుకనే. కాని అందరు నేను చెప్పిన పన్నెండే రాస్తరు కదా, నీళ్లు ఏవైతే ఏంది అనుకున్న."

"రీడింగ్ మీరు చెప్తారా?"

"చెప్తుంటి మేడమ్." మెడ వంగింది. "ఆమెకు గూడ చెప్పిన. బెంచి కాడికి పోయి చెప్పిన. వింటెనా!"

భూమిక బిరడాను బల్లకేసి కొడుతోంది. దాని చెయ్యి పట్టుకోవాలని కూడా నాకు తోచలేదు.

"ఆమెకు వచ్చింది సరైన రీడింగే అని మీకెలా తెలుసు?"

"అందరు పోయినంక సాయంత్రం అదే నీళ్లతోని, అదే ద్రావణంతోని నేను చేసి చూసిన. మూడుసార్లు చేసిన. పదిహేను మూడు, పదిహేను మూడు, పదిహేను నాలుగు. తేదీ ఏసి రాసుకున్న. ముంగట్నే ఉన్నది."

"ఇండికేటర్ ఎంత వేశారు?" మేడమ్ గొంతు మారింది. ఒక పనివాడు ఇంకో పనివాణ్ణి అడిగినట్టుంది.

"చిటికెడు. ఎక్కువేస్తే రంగు తిరిగేది కనపడదు మేడమ్."

"అవును, కనపడదు. మరి అప్పుడే ఎవరికీ ఎందుకు చెప్పలేదండీ?"

"నౌకరి పోతదని. పిల్లలు చిన్నగుండిరి. ఆమె పాసయింది కదా, ముప్పై ఒకటితోని ఏమైతది అనుకున్న. గింత దూరం ఎంటబడతదని ఎరుక లేకుండె. గా పిల్ల ఊళ్లెకు వచ్చినప్పుడల్లా చెప్దామనుకుంట, నోరు రాదు. మా ఇంటామె రుక్మిబాయికి చెప్పిన. 'చెప్పవైతే దానికి ఉద్యోగాలు ఎతికిపెట్టు' అన్నది. ఎతుకుతున్న."

"ఇప్పుడు చెప్తే నౌకరీ పోదా?"

"పోతే పోనీ మేడమ్. చెరుకు కొట్టొస్తది నాకు."

మేడమ్ ఈసారి గట్టిగానే నవ్వింది. "చెరుకు కొట్టక్కర్లేదు. ఇది నేను ఎక్కడా రాయను. ఆ పేజీని మాత్రం ఒక ఫోటో తీసి పంపించమనండి వందనను." ఫోన్ పెట్టేసింది.

నాకు కోపం రావాలి. నాలుగేళ్లు, తొమ్మిది దరఖాస్తులు. కొంచెం వచ్చింది కూడా. కానీ దాని కింద నుంచి ఇంకోటి పైకి లేచింది, ఊపిరి తిరిగినట్టు. బోరు నీళ్లు. గిన్నెకు పెచ్చు కట్టే బోరు నీళ్లు. నా చేతులు సరిగ్గానే చూపించాయి. నేను వాటిని నాలుగేళ్లుగా తిడుతున్నాను.

"తిట్టు బిడ్డా" అన్నాడు లింబ్యన్న. "కొట్టినా కొట్టు."

"ఆ పేజీ ఇటియ్యన్నా. ఫోటో తీసుకోవాలె" అన్నాను. ఫోటో తీసి మేడమ్‌కు పంపించాను.

ఆ తర్వాత పదకొండు రోజులు. స్కూలు వాళ్లు రెండుసార్లు ఫోన్ చేశారు. ఒరిజినల్స్ ప్లాస్టిక్ కవరులో పెట్టి టీవీ పక్కనే ఉంచాను, ఎటు వెళ్లాల్సి వచ్చినా సిద్ధంగా. ఏప్రిల్ ఇరవై ఆరున స్పీడ్ పోస్టు వచ్చింది. అత్తమ్మ వేలిముద్ర వేసి తీసుకుని, కవరు తిప్పి చూసి, "బరువు లేదు. మంచిదో చెడ్డదో నువ్వే ఇప్పుకో" అని ఇచ్చింది. ప్రాజెక్టు ఫెలోగా ఎంపిక చేశామని, జూన్‌లో వచ్చి చేరమని. చదివింది నమ్మకం కాక దేవరాజ్ చేతికి ఇచ్చాను. ఆయన పైకి చదివాడు. నేనే చదివినట్టుగానే ఉంది.

అత్తమ్మకు అంతా వివరించి చెప్తే బోరు నీళ్ల ముచ్చట దగ్గరే ఆగిపోయింది. "ఒక్క రాత్రి కరెంటు లేక గింత లొల్లి అయిందా? మరి కరెంటోడు ఈడనే ఉన్నడు కదా, అడుగు" అంది కొడుకు వైపు చూపించి.

"రెండు వేల పదిల నాకు ఉద్యోగమే లేకుండెనే అవ్వా! నేను డ్యూటీల లేను!" అని దేవరాజ్ చేతులెత్తాడు.

లింబ్యన్నకు ఫోన్ చేశాను. ఉత్తరం చదివి వినిపించాను. "ఉండు" అన్నాడు. ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు, సీసా మూత తీసిన చప్పుడు వినిపించాయి. "అయింది. ఎర్రగైంది. ఇగ తీసేస్త" అన్నాడు.

మరుసటి ఏడాదికి ఎదురుచూడకుండానే ఆయన అంకె చెప్పడం మానేశాడు. మే నెలలో జరిగిన సప్లిమెంటరీ ప్రాక్టికల్స్‌లో పిల్లలు "అన్నా, ఎంతనే? జర చెప్పవే" అని బతిమాలితే, "నీ బ్యూరెట్‌ను అడుగు, దానికి నోరున్నది" అన్నాడట. కొత్తగా వచ్చిన సారు గొణిగాడట, పర్సంటేజీ పోతుందని. పిల్లలు ఆయన్ను వెక్కిరిస్తూ పేరు కూడా పెట్టారు, రిఫరీ అని. ఆ పేరు వాళ్లకు ఎలా తెలిసిందో నాకు తెలియదు. ఆయనే చెప్పుకుని ఉంటాడు.

జూన్ మొదటి వారం. కొత్త రాష్ట్రం వచ్చిందని వీధిలో ఇంకా అక్కడక్కడా టపాకాయలు పేలుతున్నాయి. సోమవారం నేను చేరాలి. అత్తమ్మ మాతో హైదరాబాద్ వస్తానంది, దేవరాజ్ డ్యూటీ మారినప్పుడల్లా వచ్చి పోతానన్నాడు. ఎలా నడుస్తుందో, భూమిక నేను లేకుండా పొద్దంతా ఉంటుందో లేదో ఏదీ తెలియదు. భయం మొత్తం పోలేదు. అది పోయే రకం కాదు. ఆ సాయంత్రం భూమికకు ఒళ్లు కాలింది, దంతాలు వస్తున్నాయేమో.

సిరప్ సీసా తీశాను. మూతలో పోశాను. గీత దగ్గర కళ్లు పెట్టి చూశాను. రెండున్నర.

దేవరాజ్ అలవాటుగా చెయ్యి చాపాడు, ఇటివ్వు నేను చూస్తాను అన్నట్టు.

"ఉండనీ" అన్నాను. భూమిక తల ఒడిలో పెట్టుకుని, మూత దాని పెదవులకు ఆనించి తాగించేశాను. చేదుకు మొహం చిట్లించింది కానీ, ఒక్క చుక్క కూడా బయటికి పోలేదు.